బరువు మీద బిగించాలి

రెండేళ్ల కిందట ఒక ఉదయం హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద శంషాబాదు వైపు వెళుతూ, దిగవలసిన చోటు దగ్గరపడిందని బ్రేకు మీద కాలు మోపగానే నా చేతుల్లోని స్టీరింగు ఎడమకూ కుడికీ వణకడం మొదలుపెట్టింది. వేగం గంటకు వంద కిలోమీటర్ల నుంచి ఎనభైకి దిగేదాకా ఆ వణుకు ఉండి, డెబ్బైకి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. కారు 2008 నాటి బీఎండబ్ల్యూ 325ఐ, అప్పటికి లక్షా ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. అంతకుముందు ఏడాదిన్నరలో ఇదే లక్షణానికి నేను రెండుసార్లు ముందు చక్రాల బ్రేకు డిస్కులు మార్పించాను. మార్చిన ప్రతిసారీ రెండు మూడు వేల కిలోమీటర్లు బాగానే నడిచి, మళ్ళీ మొదటికే వచ్చేది. పని చేసిన వర్క్‌షాపువారు రెండోసారి కూడా డిస్కులు వంగాయనే చెప్పారు, నేను నమ్మాను.

డిస్కులు వంగలేదు. ముందు సస్పెన్షనులోని రెండు రబ్బరు బుష్షులు (లోహపు కీళ్ల మధ్య కుదుపును మింగే మెత్తని దిండ్ల వంటివి) చిట్లిపోయి, వాటి లోపలి ద్రవం బయటికి కారి, పక్కన ఉన్న ఆర్ముల (చక్రాన్ని బాడీకి కలిపే లోహపు చేతుల) మీద దుమ్ముతో కలిసి నల్లగా గడ్డకట్టి ఉంది. కారును లిఫ్టు మీదికి ఎత్తి, ఒక ప్రై బార్‌తో (సన్నని గునపం లాంటిది) ఆ బుష్షును కదిలించి చూసివుంటే నిమిషంలో తెలిసేది. ఆ ఒక్క నిమిషం ఎవరూ వెచ్చించనందువల్ల నాలుగు డిస్కుల ఖర్చు నేను భరించాను. ఆ తరువాత ఏడాదిపాటు ఈ ముందు సస్పెన్షను గురించి చదివి, భాగాలు తెప్పించి, దగ్గరుండి బిగింపించి, కొంత పని స్వయంగా చేసి నేను ఒక నిశ్చయానికి వచ్చాను. పాతబడిన స్పోర్ట్స్ సెడాను విషయంలో మనవాళ్లు ఎక్కువగా రెండే దారులు ఎంచుకుంటున్నారు. అరిగిన ఒక్క భాగాన్ని మాత్రం మార్చి మిగతావి వదిలేయడం ఒకటి, అరుగుదలను పట్టించుకోకుండా కారును కిందికి దించి గట్టిపరచడం రెండోది. రెండూ తప్పేనని, ఏ కంపెనీ భాగం కొన్నామన్నదాని కన్నా దాన్ని ఎలా బిగించామన్నదే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా వాదన.

ముందుగా ఈ కారు ముందు భాగం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మారుతి 800 నుంచి నేటి వరకు మన దేశంలో తిరుగుతున్న కార్లలో అత్యధికం మాదిరిగానే దీనికీ ముందువైపు ఉన్నది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతి 1950లో బయటికి వచ్చిన బ్రిటిష్ ఫోర్డ్ కాన్సల్ వంటి కార్లతో ప్రాచుర్యం పొందింది. ఇందులో షాకబ్జార్బరు ఊగిసలాటను అణచడంతో ఆగదు, చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచే పై చేయి కూడా అదే. కింద ఒక్కటే ఎల్ ఆకారపు ఆర్ము ఉండడం మామూలు పద్ధతి. బీఎండబ్ల్యూ మాత్రం 1977లో వచ్చిన తొలి 7 సిరీసులో ఆ ఒక్క ఆర్మును రెండుగా విడదీసింది. అడ్డంగా ఉండి పక్క బలాలను మోసే కంట్రోల్ ఆర్ము ఒకటి, ఏటవాలుగా ఉండి బ్రేకు వేసినప్పుడు వెనక్కి పోబోయే చక్రాన్ని లాగి పట్టే టెన్షన్ స్ట్రట్ మరొకటి. 3 సిరీసుకు ఈ ఏర్పాటు 2005లో వచ్చిన ఈ90 తరంతో దక్కింది, అదీ అల్యూమినియం ఆర్ములతో.

ఆ టెన్షన్ స్ట్రట్ లోపలి కొనలో ఉండేదే నా కారులో చిట్లిన బుష్షు. అది ఉత్త రబ్బరు ముద్ద కాదు. లోపల చిన్న గదులు ఉండి, వాటిలో ద్రవం నింపి ఉంటుంది. చక్రం ముందుకూ వెనక్కూ కొద్దిగా కదిలినప్పుడు ఆ ద్రవం సన్నని దారి గుండా ఒక గదిలోంచి మరో గదిలోకి పోతూ కంపనాన్ని మింగేస్తుంది. ఏ బ్రేకు డిస్కూ నూటికి నూరుపాళ్లు సమతలంగా ఉండదు, వాడుతున్నకొద్దీ మందంలో అతి సూక్ష్మమైన తేడాలు వస్తూనే ఉంటాయి. బుష్షు బాగున్నంతకాలం ఆ తేడాలు చేతికి తెలియవు. ద్రవం కారిపోయిన తరువాత అవే తేడాలు చక్రాన్ని ముందువెనకలకు ఊపుతాయి, ఆ ఊపు స్టీరింగు రాడ్ల గుండా చేతులకు చేరుతుంది. డిస్కులు మార్చిన ప్రతిసారీ కొంతకాలం బాగుండి మళ్ళీ మొదలవడానికి కారణం ఇదే. కొత్త డిస్కు వల్ల కదిలించే బలం తగ్గింది గాని, అణచవలసిన భాగం మాత్రం అప్పటికే చచ్చిపోయి ఉంది.

ఇక్కడే ఇంట్లో మొదటి అభ్యంతరం ఎదురైంది. అమ్మితే నాలుగు లక్షలు వస్తాయో రావో తెలియని కారుకు, ముందు సస్పెన్షను కోసం లక్షన్నర పైన పెట్టడం ఏం తెలివి అని మా అన్నయ్య అడిగారు. ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమే 2022 ఏప్రిల్ నుంచి ఆరువందల రూపాయల నుంచి అయిదువేలకు పెరిగింది, దానిపై హరిత పన్ను వేరు. ఈ ఖర్చులన్నీ చూసిన ఎవరికైనా పాత కారును వదిలించుకోవడమే మంచిదనిపిస్తుంది.

అయితే ఒక కారు అంగడి విలువకూ, దానిలో మనం వాడుకుంటున్న గుణం విలువకూ సంబంధం లేదు. ఈ90 తరం 325ఐలో 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, టర్బో లేకుండా 218 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని క్రాంక్‌కేసును మెగ్నీషియం, అల్యూమినియం కలిపి పోతపోశారు. స్టీరింగుకు సాయం నూనె ఒత్తిడితో అందుతుంది, విద్యుత్ మోటారుతో కాదు. తరువాతి తరమైన ఎఫ్30 నుంచి 3 సిరీసులో విద్యుత్ స్టీరింగు వచ్చేసింది. అంటే రోడ్డు గరుకుదనమూ టైరు పట్టూ చేతికి తెలియజేసే ఈ పాత పద్ధతి ఈ తరంతోనే ముగిసింది. చెన్నై దగ్గర 2007 మార్చిలో ప్రారంభమైన కర్మాగారంలో కూర్చి అమ్మిన ఈ కార్లు మన రోడ్ల మీద ఇంకా ఉన్నాయి, వాటికి ఇవాళ్టి కొత్త కార్లలో ప్రత్యామ్నాయం లేదు. ఆ స్టీరింగు గుణం మొత్తం ముందు చక్రాలను పట్టి ఉంచే నాలుగు ఆర్ములు, రెండు స్ట్రట్లు, పది పన్నెండు కీళ్ల మీద ఆధారపడి ఉంది. అవి అరిగితే మిగిలేది బరువైన, నూనె తాగే, ఖరీదైన పాత కారు మాత్రమే. నేను ఖర్చు పెట్టింది నాలుగు లక్షల వస్తువును కాపాడడానికి కాదు, ఈరోజు ఏ ధర పెట్టినా కొత్తగా దొరకని ఒక గుణాన్ని నిలుపుకోవడానికి. మా అన్నయ్యకు ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు గాని, ఆ తరువాత పనిలో చాలా సాయం చేశారు.

రెండో అభ్యంతరం సాటి కార్ల ప్రేమికుల నుంచి వచ్చింది. అంత డబ్బు పెట్టేటప్పుడు కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జార్బరు జతలు) వేసి, నలభై మిల్లీమీటర్లు దించి, అన్ని బుష్షులూ పాలియురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ వంటి పదార్థంవి చేయించు అన్నారు. ఈ సలహాను నేను తేలికగా తీసుకోలేదు. మూడు నెలలు దాన్ని గురించే చదివాను, దించిన రెండు కార్లను నడిపి చూశాను. నడిపిన కొద్దీ నా వ్యతిరేకత బలపడింది.

దించడం సంగతి ముందు. కారును దించితే గురుత్వ కేంద్రం కిందికి వస్తుంది, అందువల్ల మలుపుల్లో ఒరగడం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో జరిగేది అంత సూటిగా ఉండదు. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువును రోల్ సెంటర్ అంటారు, అది కింది ఆర్ము వంపు మీద ఆధారపడుతుంది. కారు దిగినప్పుడు ఆర్ము బయటి కొనతో పోలిస్తే లోపలి కొన కిందికి పోతుంది, దాంతో రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కన్నా చాలా వేగంగా దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది, కారును ఒరిగించే మీటపొడవు అదే. అంటే స్ప్రింగు మారకుండా కేవలం దించితే కారు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి స్ప్రింగు మరింత గట్టిది వేయాలి, గట్టి స్ప్రింగును అణచడానికి షాకబ్జార్బరు ఇంకా గట్టిది కావాలి. అంతేకాక, ఆర్ము సమతలాన్ని దాటి పైకి వంగిన తరువాత చక్రం పైకి కదిలిన కొద్దీ లోపలికి వాలవలసింది పోయి బయటికి వాలడం మొదలవుతుంది, మలుపులో టైరు అంచు మీద నడుస్తుంది.

మన రోడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు గాని ఒక కొలత మాత్రం చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా పోగలగాలి. మా కాలనీలోకి తిరిగే చోట ఉన్నది నేను టేపుతో కొలిస్తే మీటరు వెడల్పు కూడా లేదు, ఎత్తు పదిహేను సెంటీమీటర్లు దాటింది. నలభై మిల్లీమీటర్లు దించిన కారు అటువంటి దాన్ని దాటేటప్పుడు స్ట్రట్ తన ప్రయాణం అంతా అయిపోయి బంప్ స్టాప్ అనే ఆఖరి అడ్డు మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో కారుకు సస్పెన్షను లేనట్టే. ఆ దెబ్బ నేరుగా స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచే పై మౌంటుకూ, అక్కడినుంచి బాడీకీ పోతుంది. ఒక స్నేహితుడి దించిన కారులో ఏడాది తిరక్కుండానే పై మౌంట్లు రెండూ చిరిగాయి. పైగా తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. ఆ సంగతి దించమని సలహా ఇచ్చినవారిలో ఒక్కరూ నాకు చెప్పలేదు.

పాలియురేథేన్ విషయంలో నా అభ్యంతరం ఇంకా మౌలికమైనది. కారు తయారుచేసినప్పుడు వేసే బుష్షులో రబ్బరు లోపలి లోహపు గొట్టానికీ బయటి లోహపు వలయానికీ అతికి ఉంటుంది. ఆర్ము పైకీ కిందికీ ఊగినప్పుడు ఆ రబ్బరు మెలితిరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది, ఏదీ దేనిమీదా రాసుకోదు. పాలియురేథేన్ బుష్షు లోపలి గొట్టానికి అతికి ఉండదు, దాని చుట్టూ తిరుగుతుంది. కాబట్టి దానికి గ్రీజు కావాలి, దుమ్మూ నీరూ చేరితే కీచుమంటుంది, కొంతకాలానికి అరుగుతుంది. రబ్బరు నాలుగు దిక్కుల్లోనూ వేరువేరు మెత్తదనంతో ఉండేలా ఇంజనీర్లు అచ్చుపోయగలరు. ఈ దిక్కున మెత్తగా, ఆ దిక్కున గట్టిగా ఉండాలని లెక్కగట్టి చేసిన పని అది. ఆ లెక్కను తీసేసి అన్ని దిక్కులా ఒకే గట్టిదనం పెట్టడాన్ని మెరుగుపరచడం అని నేను అనలేను. రేసు ట్రాకుకే అంకితమైన కారుకు అది తగవచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్ళి, సెలవుల్లో విజయవాడ దాకా పోయివచ్చే కారుకు తగదు.

అలాగని ఉన్నది ఉన్నట్టు పెట్టి ఊరుకోవాలని నేననడం లేదు. ఈ కారుకు మెరుగుదల దాన్ని తయారుచేసినవారి అరలోనే ఉంది. ఇదే బాడీతో వచ్చిన ఎం3 కారు ముందు ఆర్ములు ఏ మార్పూ లేకుండా 325ఐకి పడతాయి. అవి ఒకింత పొడవు ఎక్కువ కావడం వల్ల చక్రం అడుగు బయటికి జరుగుతుంది, తలభాగం లోపలికి వాలుతుంది. దీన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. మామూలు 3 సిరీసుకు ముందువైపు క్యాంబర్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. సాధారణ డ్రైవరు చేతిలో కారు ముందు భాగమే మొదట పట్టు వదలాలన్న జాగ్రత్తతో అలా పెడతారు. ఎం3 టెన్షన్ స్ట్రట్‌లో ద్రవం ఉండదు, గట్టి రబ్బరు బుష్షు ఉంటుంది. అది చిట్లి కారిపోయే సమస్య లేదు, అయినా అది అతికించిన రబ్బరే. ఎత్తు మారదు, స్ప్రింగు మారదు, చక్రం తిరిగే దారి మాత్రం మారుతుంది. నా కొలతపత్రంలో పాత ఆర్ములతో మైనస్ 0.4 డిగ్రీలు ఉన్న క్యాంబర్ కొత్తవాటితో మైనస్ 1.2 అయింది. ఆ ఒక్క మార్పు మలుపు మొదట్లో కారు ముక్కు తిరిగే తీరును నేనూహించనంతగా మార్చింది.

షాకబ్జార్బర్ల విషయంలో చాలాకాలం తటపటాయించాను. బిల్‌స్టీన్ సంస్థ బీ4 పేరుతో అసలుదానికి సమానమైనదాన్నీ, బీ6 పేరుతో అసలు స్ప్రింగులతోనే వాడదగిన గట్టిదాన్నీ, బీ8 పేరుతో దించిన స్ప్రింగులకు సరిపోయే పొట్టిదాన్నీ అమ్ముతుంది. 1957లో మెర్సిడెస్ బెంజ్ కోసం ఒకే గొట్టం, వాయు ఒత్తిడి గల షాకబ్జార్బర్లను కర్మాగార స్థాయిలో మొదట తయారుచేసింది వీళ్ళే. నేను బీ6 ఎంచుకోవడానికి గట్టిదనం ఒక్కటే కారణం కాదు. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో షాకబ్జార్బరే చక్రానికి పై చేయి అని ఇంతకుముందు చెప్పాను. అంటే మలుపులో వచ్చే పక్కబలమంతా దాని సన్నని పిస్టన్ రాడ్డును వంచడానికి ప్రయత్నిస్తుంది. బీ6లో ఆ ఏర్పాటును తలకిందులు చేసి, లావుపాటి గొట్టమే జారేలా పెట్టారు. వంగడానికి అది సులభంగా లొంగదు. చేతిలోకి తీసుకుని పాతదాని పక్కన పెట్టి చూస్తే ఆ తేడా ఎవరికైనా అర్థమవుతుంది.

వీటితోపాటు పై మౌంట్లు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు, స్ప్రింగు ప్యాడ్లు, యాంటీ రోల్ బార్ లింకులు, స్టీరింగు రాడ్డు కొనలు, తయారీదారు ఒకసారికే వాడమన్న బోల్టులు, నట్లు అన్నీ కొత్తవి తీసుకున్నాను. ఇవి ఒక్కొక్కటీ చిన్న ఖర్చులే, కాని లోపలికి వెళ్ళినప్పుడు పాతవి తిరిగి పెడితే ఆరునెలల్లో మళ్ళీ అంత పనీ విప్పాలి. పని మొత్తానికి లక్షా ఎనభై వేలు అయింది. స్ప్రింగులను మాత్రం మార్చలేదు, పగుళ్లుగానీ తుప్పుగానీ లేవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా మేనమామకు ఒకప్పుడు లారీలు ఉండేవి. చిన్నప్పుడు సెలవులకు విజయవాడ వెళ్ళినప్పుడు ఆయన వెంట ఆటోనగర్‌కు పోయి, కమాను కట్టలు వేసే చోట గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. కట్ట మార్చిన తరువాత యూ బోల్టులు ఒకసారి బిగించి, లారీని నేల మీదికి దించి, సరుకు ఎక్కించి కొంత దూరం పోయివచ్చాక మళ్ళీ బిగించేవారు. ఎందుకని అడిగితే ఆ పనివాడు, "బరువు మీద బిగించాలి బాబూ, గాలిలో బిగిస్తే అది బిగించినట్టు కాదు" అన్నాడు. ముప్పై ఏళ్ల తరువాత నా కారు మరమ్మతు పుస్తకంలో బుష్షు బోల్టులను కారు తన మామూలు ఎత్తులో ఉండగానే చివరగా బిగించాలని చదివినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. లారీ కట్టకూ కారు బుష్షుకూ కారణం ఒకటి కాదు, నియమం మాత్రం ఒకటే.

బుష్షు విషయంలో కారణం ఇది. బోల్టు బిగిస్తే బుష్షు లోపలి గొట్టం ఫ్రేముకు కదలకుండా పట్టుకుంటుంది. అప్పటినుంచి ఆర్ము ఎటు కదిలినా రబ్బరు మెలిపడాల్సిందే. కారు లిఫ్టు మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, ఆ వేలాడే స్థితి రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. కారును నేలకు దించగానే ఆర్ము చాలా డిగ్రీలు పైకి లేస్తుంది, రబ్బరు అంత మేరా మెలిపడి, కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉండిపోతుంది. ఆ పైన గుంత వస్తే ఇంకా మెలిపడుతుంది. పదేళ్లు బతకవలసిన బుష్షు ఏడాదిలో చీలుతుంది. కారు ముందు భాగం కొద్దిగా ఎత్తుగా కూర్చుంటుంది, చిన్న గతుకుకే బిర్రుగా ఎగురుతుంది. అసలు భాగాలే వేయించాను, అయినా సుఖం లేదు, ఈ కంపెనీ నాణ్యత పడిపోయింది అని వాపోయేవారిని నేను చాలామందిని చూశాను. వారి కార్లు ఎలా బిగించారో అడిగితే ఒక్కరికీ తెలియదు.

నా కారు పని చేసిన మెకానిక్ అన్న నిజంగా చేయి తిరిగిన మనిషి. బాల్ జాయింటును సుత్తితో కొట్టకుండా పుల్లరుతో విడదీశాడు, చక్రాన్ని మోసే నకిల్‌లో స్ట్రట్ కూర్చునే చీలికను ఉలితో చీల్చకుండా సరైన పరికరంతో విప్పాడు. అయినా ఆర్ములు ఎక్కించగానే అలవాటుగా బోల్టులను క్షణంలో బిగించే ఇంపాక్ట్ గన్ అందుకున్నాడు. నేను ఆపమన్నాను. "సార్, పదిహేనేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు" అన్నాడు. అన్నా, బోల్టు చేతితో నిలిపి ఉంచండి, చక్రం కింద జాక్ పెట్టి కారు ఎత్తుకు లేపాక బిగిద్దాం అన్నాను. కారును లిఫ్టు ఎక్కించకముందే నేల మీద ఉండగా ఫెండరు అంచు నుంచి చక్రం మధ్యభాగం వరకు దూరాన్ని రెండు వైపులా కొలిచి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. హబ్బు కింద జాక్ పెట్టి మెల్లగా లేపుతూ అదే కొలత వచ్చేదాకా తీసుకువెళ్ళాం. అప్పుడు టార్క్ రెంచితో నిర్ణీత బలం వరకు బిగించి, ఆపైన చెప్పిన కోణం మేరకు తిప్పాం. రెండు వైపులకూ కలిపి గంటన్నర ఎక్కువ పట్టింది. వేలాడే స్థితిలో ఆర్ముకూ, ఎత్తుకు లేపాక ఆర్ముకూ మధ్య వంపు ఎంత మారిందో కళ్లారా చూశాక ఆయన మళ్ళీ వాదించలేదు. ఆ తరువాత వచ్చిన వేరొకరి కారుకు కూడా అలాగే చేశానని ఫోను చేసి చెప్పాడు. ఆ ఫోను నాకు నా కారు బాగుపడినంత సంతోషం ఇచ్చింది.

వర్క్‌షాపుల మీద నా ఫిర్యాదు ఇదే. తెలియకపోవడం పెద్ద నేరం కాదు. కాని గంటకు ఇంత అని కూలి తీసుకునేచోట, భాగానికి వేలకు వేలు వసూలు చేసేచోట, ఈ గంటన్నర పనిని వదిలేయడం అంటే ఆ భాగం ఆయుష్షును యజమానికి చెప్పకుండా కోసేయడం. వినియోగదారులుగా మనం కూడా బిల్లులో భాగాల పేర్లు చూస్తాం గాని, బిగింపు ఎలా జరిగిందని అడగం. అడగాలి. అడిగితే కోపగించుకునే వర్క్‌షాపు నుంచి కారు తెచ్చేసుకోవాలి.

అలైన్‌మెంటులోనూ ఇదే నియమం వర్తిస్తుంది. కింది ఆర్ములు మారితే టో (పైనుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పకుండా మారుతుంది, అలైన్‌మెంటు చేయించకుండా నడిపితే కొత్త టైర్ల అంచులు కొద్ది వారాల్లో అరిగిపోతాయి. బీఎండబ్ల్యూ నిర్దేశం ప్రకారం ఈ కొలత ఖాళీ కారుకు తీయకూడదు. ముందు సీట్లు రెండింటిలో 68 కిలోల చొప్పున, వెనక సీటు మధ్యలో 68 కిలోలు, డిక్కీలో 21 కిలోలు బరువు పెట్టి, పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండగా తీయాలి. కారు నిజంగా మనుషులతో నడిచే స్థితిలో చక్రాల కోణాలు సరిగ్గా ఉండాలన్నది ఉద్దేశం.

దీనికి మా అన్నయ్య ఉపాయం చెప్పారు. 2022 జూలైలో పాతిక కిలోలలోపు ప్యాకెట్లకు జీఎస్టీ వచ్చినప్పటినుంచి మన దగ్గర బియ్యం బస్తా 26 కిలోలకు మారింది. తాగునీటి క్యాను ఇరవై లీటర్లు, క్యాను బరువుతో కలిపి ఇరవై కిలోల పైచిలుకు. సీటుకు ఒక బస్తా, రెండు క్యాన్ల చొప్పున పెడితే 68కి ఒక కిలో అటూ ఇటూగా వస్తుంది, డిక్కీలో ఒక్క క్యాను సరిపోతుంది. మూడు బస్తాలు, ఏడు క్యాన్లతో అలైన్‌మెంటు చేసే చోటికి వెళితే అక్కడి కుర్రవాడు మొదట ఆశ్చర్యపోయాడు, తరువాత ఆసక్తిగా చూశాడు. బరువు లేకుండా ఒకసారి, బరువుతో ఒకసారి కొలిపించాను. రెండు కాగితాల్లోనూ టో అంకెలు వేరు. ఖాళీ కారుకు పచ్చగా చూపించిన అంకె బరువు పెట్టగానే హద్దు దాటి ఎర్రబడింది. బరువుతో ఉన్నప్పుడే సరిచేయించాను.

పని పూర్తయి ఇప్పటికి పధ్నాలుగు నెలలు, పదకొండు వేల కిలోమీటర్లు. ఔటర్ మీద 120 నుంచి బ్రేకు వేసినా స్టీరింగు నిశ్చలంగా ఉంటుంది, ఉన్న డిస్కులు మాత్రం పాతవే. మలుపులో ముక్కు వెంటనే తిరుగుతుంది, తిరిగాక మధ్యలో చిన్న గతుకు వచ్చినా గీత తప్పదు. నష్టాలు కూడా ఉన్నాయి, వాటిని దాచను. నగరంలో ముప్పై నలభై వేగంతో పోతున్నప్పుడు బీ6 చిన్న చిన్న గతుకులను అసలు షాకబ్జార్బరు కన్నా స్పష్టంగా లోపలికి చేరవేస్తుంది. ఎం3 బుష్షుల వల్ల సిమెంటు రోడ్డు మీద టైరు మోత కొద్దిగా పెరిగింది. వెనక సీట్లో కూర్చునే మా అమ్మగారు మొదటి వారమే ఆ తేడా గుర్తుపట్టారు. కారును ఎక్కువగా నగరంలోనే వాడేవారు, పెద్దలను ఎక్కించుకుని తిరిగేవారు బీ4తోనూ, అసలు ద్రవపు బుష్షులతోనూ ఆగిపోవాలి. సరిగ్గా బిగిస్తే అది కూడా పాత కారును కొత్తదానిలా చేస్తుంది.

ఆ గరుకుదనంలో సగం రన్‌ఫ్లాట్ టైర్లు మార్చడంతో పోయింది. గాలి పోయినా నడవగల ఆ టైర్ల పక్కగోడలు చాలా గట్టిగా ఉంటాయి, గుంత దెబ్బను తాము మింగకుండా బుష్షులకూ షాకబ్జార్బర్లకూ అప్పగిస్తాయి. మామూలు టైర్లు వేసుకుని, ఈ కారులో స్పేరు చక్రానికి చోటు లేదు కాబట్టి డిక్కీలో పంక్చరు కిట్టూ, గాలి కొట్టే చిన్న యంత్రమూ పెట్టుకున్నాను.

బిగించిన రోజు ప్రతి బోల్టు తల మీదుగా దాని పక్కనున్న లోహం మీదికి తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీశాం, కదిలితే గీత విరిగి కనబడుతుందని. వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఒకసారి, పదివేల దగ్గర ఒకసారి కారును ఎత్తించి టార్చిలైటుతో ఒక్కొక్కటీ చూశాను. గీతలన్నీ కలిసే ఉన్నాయి. వెనకవైపు సస్పెన్షను ఆర్ముల బుష్షుల్లో మాత్రం పగుళ్లు కనిపించాయి. వాటికి భాగాలు తెప్పించాను, వచ్చే నెలలో అదే మెకానిక్ అన్న దగ్గర పని. ఫెండరు కొలతలు ఇప్పటికే తీసి కాగితం మీద రాసి పెట్టాను.